ఫొటోగ్రఫీ మీద బతకాలంటే ఏ దారి: పెళ్లిళ్లా, ప్రొడక్ట్ షూట్లా, పత్రికా, స్టూడియోనా?

ఫొటోగ్రఫీలోకి రావాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది కెమెరా గురించే. సోనీ కొనాలా, కెనానా, నికానా అని. దానికి ఏ జవాబు చెప్పినా పెద్ద తేడా రాదు. పెళ్లి తీయడానికైనా, చీర తీయడానికైనా ఆ మూడు కంపెనీల కెమెరాలూ సరిపోతాయి. అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీ ఫొటోకి డబ్బులిచ్చేది ఎవరు? పెళ్లికూతురి తండ్రా, చీరల షాపు యజమానా, పత్రికా, సినిమా నిర్మాతా? ఆ మనిషిని బట్టే మీ రోజు ఎలా గడుస్తుందో, ఏ నెలల్లో డబ్బు వస్తుందో, మీరు ఏం నేర్చుకోవాలో తేలుతుంది. పెళ్లిళ్లలో బాగా రాణించినవాళ్లు ప్రొడక్ట్ షూట్లలో విసిగిపోవడం, అక్కడ స్థిరపడినవాళ్లు పెళ్లి మండపంలో కంగారుపడటం నేను చాలా చూశాను.

అందుకే దేన్నైనా పోల్చేటప్పుడు మూడు సంగతులు అడగమంటాను. డబ్బు చేతికి ఎప్పుడొస్తుంది? ఏడాదిలో ఎన్ని నెలలు పని ఉంటుంది? కెమెరా పట్టుకోని రోజుల్లో చేయాల్సిన పనేంటి? మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. కానీ ఈ వృత్తిలో ఎక్కువ సమయం కంప్యూటర్ ముందు, ఫోన్‌లో కస్టమర్లతో మాట్లాడుతూ గడుస్తుంది. ఆ పని నచ్చకపోతే ఎంత మంచి ఫొటోలు తీసినా ఎక్కువకాలం నిలబడటం కష్టం.

పెళ్లిళ్లు

తెలుగు రాష్ట్రాల్లో ఫొటోగ్రఫీ మీద బతికేవాళ్లలో ఎక్కువమందికి అన్నం పెట్టేది పెళ్లే. నిశ్చితార్థం నుంచి హల్దీ, మెహందీ, సంగీత్, పెళ్లి, రిసెప్షన్, ఆ తర్వాత వ్రతం దాకా ఒక్క ఇంట్లోనే వరసగా పని ఉంటుంది. ఆ ఇంటివాళ్లకు మీరు నచ్చితే సీమంతానికి, బారసాలకు, పాప ఓణీల ఫంక్షన్‌కి కూడా మిమ్మల్నే పిలుస్తారు. ఇంత నమ్మకమైన కస్టమర్ మిగతా దారుల్లో దొరకడం కష్టం.

అయితే బయటికి కనిపించే రేటుకీ, చేతిలో మిగిలేదానికీ చాలా దూరం ఉంటుంది. లెక్క కోసం ఒక ఆర్డర్ లక్ష రూపాయలకు ఒప్పుకున్నారనుకుందాం. క్యాండిడ్, అంటే పోజులేకుండా సహజంగా వచ్చే ఫొటోలు, మీరే తీస్తారు. వరసగా నిలబెట్టి తీసే ట్రెడిషనల్ ఫొటోకి ఒకరిని, వీడియోకి ఇద్దరిని, డ్రోన్‌కి ఒకరిని రోజు లెక్కన పిలవాలి. వాళ్లందరికీ కారు కావాలి. ఆల్బమ్ డిజైన్‌కి, ల్యాబ్‌కి, వీడియో ఎడిటర్‌కి, హార్డ్ డిస్క్‌కి విడివిడిగా ఖర్చు. ఇవన్నీ పోను సగం మిగిలిందంటే ఆ ఆర్డర్‌ని మీరు బాగా నడిపినట్టే. ఆ సగంలోంచే కెమెరా రిపేర్లు, వచ్చే ఏడాది కొనాల్సిన లెన్సు, పనిలేని నెలల ఇంటి అద్దె కూడా రావాలి.

పనిలేని నెలలు ఎప్పుడో కొంతవరకు ముందే తెలుస్తుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే హిందువుల ఇళ్లలో ముహూర్తాలుండవు. గురు మూఢమో, శుక్ర మూఢమో, అధిక మాసమో వస్తే ఇంకొన్ని వారాలు పోతాయి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణంలోనేమో ఒకే ముహూర్తానికి నాలుగు ఇళ్ల నుంచి ఫోన్లు వస్తాయి, మీరు ఒక్కచోటికే వెళ్లగలరు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ముహూర్తాలున్న రోజులు గుర్తుపెట్టుకుని, ఏడాది ఖర్చుని ఆ రోజుల మీద పరచుకోవాలి. క్రైస్తవ, ముస్లిం కుటుంబాల్లో మీకు పేరుంటే మూఢంలోనూ పని ఉంటుంది. వాళ్లకీ శ్రమల కాలం, రంజాన్ నెల లాంటి విరామాలుంటాయి కానీ అవి వేరే సమయాల్లో వస్తాయి కాబట్టి మీ ఏడాది నిండుతుంది.

పెళ్లి పని అందరి మనసుకీ పడదు. సుముహూర్తం ఒక్కోసారి తెల్లవారుజామున మూడింటికి ఉంటుంది. జీలకర్ర-బెల్లం పెట్టి, అడ్డుతెర దించే క్షణంలో మేనమామగారో, సెల్‌ఫోన్ పట్టుకున్న చుట్టాలో మీ లెన్సుకి అడ్డంగా నిలబడతారు. అప్పుడు కోపం తెచ్చుకోకుండా, ఎవరి మనసూ నొప్పించకుండా వాళ్లను పక్కకు జరిపి, అదే క్షణంలో ఫోకస్ సరిగ్గా పట్టాలి. మళ్లీ తీయడానికి ఉండదు. దీనికి చేతి నైపుణ్యం ఎంత కావాలో, మనుషులతో మెలిగే ఓర్పూ అంతే కావాలి. జనం మధ్య ఉంటే మీకు హుషారొస్తుందా, నీరసమొస్తుందా అన్నది నిజాయితీగా ఆలోచించండి. నీరసం వచ్చేవాళ్లకి ఈ దారిలో ఎంత డబ్బున్నా నేను దీన్ని సలహా ఇవ్వను.

డబ్బు విషయంలో ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. డేట్ బ్లాక్ చేసేటప్పుడు అడ్వాన్స్, పెళ్లి రోజుకల్లా ఎక్కువ భాగం, ఆల్బమ్ ప్రింట్‌కి వెళ్లేముందు మిగిలినదంతా. పెళ్లి అయిపోయాక ఆ ఇంట్లో అందరూ అలసిపోయి ఉంటారు, క్యాటరింగ్ వాళ్లకి, డెకరేషన్ వాళ్లకి ఇవ్వాల్సినవి కళ్లముందుంటాయి. ఆల్బమ్ ఇచ్చేశాక బ్యాలెన్స్ అడగడం ఇద్దరికీ ఇబ్బందే. ఆల్బమ్‌కి ఫొటోలు ఎంపిక చేసి ఇవ్వాల్సింది కస్టమరే కాబట్టి, ఆ ఎంపికకు గడువు కూడా ముందే రాసుకోండి. నెలల తరబడి ఆగిపోయే ఆర్డర్లన్నీ సాధారణంగా అక్కడే ఆగుతాయి.

డ్రోన్ గురించి రెండు మాటలు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బుకోసం ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండినవాళ్లు గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ తీసుకుని దాన్ని తెచ్చుకోవచ్చు. ఫంక్షన్ హాళ్ల దగ్గర చాలామంది అవేవీ లేకుండానే ఎగరేస్తున్నారు. వెయ్యిమంది నెత్తిమీద యంత్రం తిప్పే పని అది, ప్రమాదం జరిగితే పూర్తి బాధ్యత మీదే. సర్టిఫికెట్ ఉన్న మనిషినే పిలవండి, లేదా మీరే తెచ్చుకోండి.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు కొందరు వీకెండ్లలో తెలుగువాళ్ల ఫంక్షన్లకి డబ్బు తీసుకుని ఫొటోలు తీస్తుంటారు. ఎఫ్-1 వీసా మీద అనుమతి లేకుండా బయట సంపాదించడం వీసాకే ఎసరు. సరదాగా స్నేహితులకి తీసిపెట్టండి, రేట్ కార్డు మాత్రం పెట్టకండి.

ప్రొడక్ట్, క్యాటలాగ్ షూట్లు

మన ప్రాంతంలో తగినంత గౌరవం దక్కని దారి ఇది. ధర్మవరం, మంగళగిరి, పోచంపల్లి, గద్వాల, ఉప్పాడ, వెంకటగిరి, నారాయణపేట... చేనేత ఉన్న ప్రతిచోటా ఇప్పుడు వాట్సాప్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోల్లోనో అమ్మేవాళ్లున్నారు. పచ్చళ్లవాళ్లు, స్వీట్ షాపులు, నగల షాపులు, హోటళ్లు, అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్లు, వీళ్లందరికీ ఫొటోలు కావాలి. మూఢంతో సంబంధం లేదు. పగటిపూట పని. రాత్రి ఇంటికొచ్చి భోంచేయొచ్చు.

ఇందులో నైపుణ్యం అంతా లైటింగ్‌లో, రంగులో ఉంటుంది. ఫొటోలో మెరూన్‌గా కనిపించిన చీర పార్శిల్ విప్పాక ఎర్రగా ఉంటే కస్టమర్ తిప్పి పంపేస్తారు, ఆ నష్టం షాపువాళ్లది. చీర అసలు రంగును తెరమీద అలాగే చూపించగలిగే ఫొటోగ్రాఫర్‌ని షాపు యజమాని వదులుకోడు. దానికి గ్రే కార్డ్ (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) వాడటం, రంగుల్ని నిజంగా చూపే మంచి లైట్లు, అంటే సీఆర్ఐ 95 పైన ఉన్నవి, రంగులు సరిగ్గా చూపేలా క్యాలిబ్రేట్ చేసిన మానిటర్ అలవాటు చేసుకోవాలి. జరీ మెరుపు పోకుండా, తెల్లగా కాలిపోకుండా లైటు ఏ కోణం నుంచి రావాలో కొన్ని వారాలు కూర్చుని సాధన చేయాలి. నగలకైతే మ్యాక్రో లెన్సు, ఒకదాని వెనక ఒకటి వేర్వేరు ఫోకస్‌లతో తీసి కలిపే పద్ధతి తెలియాలి. అమెజాన్‌లో మొదటి ఫొటోకి స్వచ్ఛమైన తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉండాలి, వస్తువు ఫ్రేమ్‌లో 85 శాతం నిండాలి. ఇలాంటి నియమాలు ఏ సైట్‌కి ఏవో తెలిసి ఉండటం కూడా మీ పనిలో భాగమే.

పెట్టుబడి పెళ్లిళ్లకంటే తక్కువ. పెద్ద సెన్సర్ ఉన్న ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అక్కర్లేదు, కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్సుతో ఎఫ్/8 దగ్గర, అంటే లెన్సు రంధ్రాన్ని కొంత మూసి తీసే ఫొటోకి, చిన్న సెన్సర్ ఉన్న పాత క్రాప్ సెన్సర్ కెమెరా చాలు. గట్టి ట్రైపాడ్, రెండు లైట్లు, సాఫ్ట్‌బాక్సులు, ఇంట్లో ఒక ఖాళీ గది ఉంటే మొదలుపెట్టొచ్చు.

కష్టాలు రెండు. ఒకటి, పని ఒకేలా ఉంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే మడత, అదే కోణం, చీర మాత్రం మారుతుంది. ఇది విసుగనిపించేవాళ్లు రాకండి. రెండోది, బిల్లు పెట్టాక డబ్బు రావడానికి నెల, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. పెళ్లిలో అడ్వాన్స్ ముందొస్తుంది, ఇక్కడ అన్నీ చేశాక వస్తుంది. ఆ రెండు నెలలు ఆగగలిగే డబ్బు చేతిలో ఉంచుకునే మొదలుపెట్టాలి.

ఏఐ గురించి కూడా దాచకుండా చెప్పాలి. చౌక బట్టలకి మోడల్‌ని, బ్యాక్‌గ్రౌండ్‌ని ఏఐతో తయారుచేసుకోవడం ఇప్పటికే మొదలైంది. ముక్కకి ఇంత అని తీసే అడుగు రేట్ల క్యాటలాగ్ పని ముందుగా తగ్గేది. చేత్తో నేసిన చీర అంచు, కొంగు, నేతలో చిన్న తేడా, అప్పుడే వడ్డించిన బిర్యానీ, ఫ్యాక్టరీలో నడుస్తున్న యంత్రం, ఇవి ఉన్నవి ఉన్నట్టు కనబడాలి కాబట్టి వాటిని తీసే మనిషి కావాలి. ఈ దారిలోకి వచ్చేవాళ్లు మొదటి రోజు నుంచే అటువైపు నడవమని నా సలహా.

పెళ్లా, ప్రొడక్టా అని ఇద్దరు సమాన ప్రతిభ ఉన్నవాళ్లు నన్నడిగితే, త్వరగా డబ్బు అవసరమై, టీమ్‌ని నడపగలిగే మనిషికి పెళ్లిళ్లు చెప్తాను. ఒంటరిగా, నిదానంగా, పట్టుదలగా ఒకే పనిని మెరుగుపరచుకునే స్వభావం ఉన్నవాళ్లకి, ఇంట్లో చిన్నపిల్లలుండి రాత్రిళ్లు బయట ఉండలేనివాళ్లకి ప్రొడక్ట్ చెప్తాను.

ఊళ్లో స్టూడియో

కేవలం పాస్‌పోర్ట్ సైజు ఫొటోల మీద షట్టర్ తెరిచే కాలం అయిపోయింది. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో, ఆధార్ సెంటర్‌లో ఫొటో అక్కడే తీసుకుంటున్నారు. ఇంకా స్కూళ్లు, పరీక్షల దరఖాస్తులు, ఫ్రేమ్ కట్టించుకునేవాళ్లు, పాత ఫొటోల రిపేర్ ఉన్నాయి కానీ అవి అద్దె, కరెంటు బిల్లు దాటి మిగల్చవు. సొంత గది రోడ్డు మీద ఉంటే, దాన్ని పెళ్లి ఆర్డర్లు మాట్లాడుకునే ఆఫీసుగా, వెనక ప్రొడక్ట్ షూట్ గదిగా వాడుకునేలా ఉంటే తెరవండి. అద్దెకి తీసుకుని మొదలుపెట్టొద్దు.

పత్రికలు

మనసుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నా, జీతం కోసం రమ్మని నేను చెప్పలేని దారి ఇది. మండల స్థాయిలో ఇప్పుడు రిపోర్టరే ఫోన్‌లో ఫొటో తీసి పంపేస్తున్నాడు. జిల్లా కేంద్రాల్లో, హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో స్టాఫ్ ఫొటోగ్రాఫర్లు ఉన్నారు, కొత్త ఉద్యోగాలు మాత్రం అరుదు. పీటీఐ, రాయిటర్స్ లాంటి వార్తా ఏజెన్సీలకు పనిచేసేవాళ్లు చాలా కొద్దిమంది. వరదల్లో నడుములోతు నీళ్లలో నిలబడి తీసిన ఫొటో వల్ల ఒక కాలనీకి సాయం అందడం, అలాంటి తృప్తి ఇంకెక్కడా దొరకదు. అది కావాలనుకునేవాళ్లు వారానికి కొన్ని రోజులు ఈవెంట్లతోనో, కార్పొరేట్ షూట్లతోనో ఇల్లు గడుపుకుంటూ, మిగతా రోజులు ఒకే విషయం మీద, మీ జిల్లాలో వలస వెళ్లేవాళ్ల మీదనో, ఉప్పు మడుల మీదనో, ఫ్లోరైడ్ ఊళ్ల మీదనో దీర్ఘకాలం పనిచేయండి. సంపాదకులు అడిగేది అలాంటి వరస ఫొటోల్నే. హైదరాబాద్‌లో 2015 నుంచి జరుగుతున్న ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్‌కి వెళ్లి గోడల మీద వేలాడదీసినవి చూస్తే ఆ పని ఎంత లోతుగా ఉంటుందో అర్థమవుతుంది.

సినిమా స్టిల్స్, పిల్లల ఫొటోలు, అడవి

సినిమా స్టిల్స్‌లోకి దారి ఒక్కటే: ఇప్పటికే పనిచేస్తున్న స్టిల్ ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరడం. యూనియన్ కార్డుకి ఖర్చు, సమయం రెండూ పడతాయి. షెడ్యూల్ ఉన్నన్ని రోజులే డబ్బు. హైదరాబాద్‌లో ఉండే వసతి లేకుండా రావద్దు.

నెలల పిల్లల ఫొటోలు ఈ మధ్య బాగా పెరిగిన పని. తల్లులు ఇంట్లోకి ఆడవాళ్లని రానివ్వడానికే ఎక్కువ ఇష్టపడతారు కాబట్టి ఫొటోగ్రఫీలోకి రావాలనుకునే అమ్మాయిలకి ఇది మంచి మొదలు. కానీ ముందు భద్రత నేర్చుకోండి. పాప రెండు చేతుల మీద గడ్డం ఆనించి పడుకున్నట్టు కనిపించే ఫొటో నిజానికి రెండు ఫొటోలు కలిపినది. ఒకదాంట్లో తల్లి చెయ్యి తలని పట్టుకుని ఉంటుంది, ఇంకోదాంట్లో చేతుల్ని. అది తెలియక పసిబిడ్డని ఆ భంగిమలో కూర్చోబెట్టడానికి ప్రయత్నించేవాళ్లున్నారు. ఏ రీల్ కోసమూ అలా చేయకండి.

అడవి, పక్షుల ఫొటోలకు ఎవరూ నెలజీతం ఇవ్వరు. ఆ రంగంలో బతికేవాళ్లలో చాలామంది టూర్లు, వర్క్‌షాపులు నడిపి బతుకుతున్నారు. ఫొటోలు అమ్మిపెట్టే స్టాక్ సైట్లలో పెట్టి సంపాదిద్దామంటే, షట్టర్‌స్టాక్ 2020 నుంచి ఒక డౌన్‌లోడ్‌కి కనీసం 10 సెంట్లే ఇస్తోంది. నేలపట్టుకి, తేలినీలాపురానికి సెలవురోజుల్లో వెళ్లండి, ఆనందం కోసం తీయండి.

కాలేజీలో చదవాలా, ఎవరి దగ్గరైనా చేరాలా?

ఇంటర్ అయ్యాక నాలుగేళ్లు చదివే వీలుంటే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో ఫొటోగ్రఫీ అండ్ విజువల్ కమ్యూనికేషన్‌లో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది, ప్రవేశానికి ఎంట్రన్స్ రాయాలి. డిగ్రీ తర్వాత గాంధీనగర్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డిజైన్ ఉంది, ఊటీలో లైట్ అండ్ లైఫ్ అకాడమీ అడ్వర్టైజింగ్ వైపు వెళ్లేవాళ్లకి పేరున్న చోటు. అడ్వర్టైజింగ్, ఫ్యాషన్, బోధన, మ్యూజియం పనుల వైపు చూసేవాళ్లకి చదువు నిజంగా ఉపయోగపడుతుంది. అక్కడ దొరికే స్నేహితులే తర్వాత ఆర్ట్ డైరెక్టర్లవుతారు, పని తెచ్చిపెడతారు. పెళ్లిళ్లకే వెళ్లాలని తేల్చుకున్నవాళ్లకి మాత్రం ఫీజు కట్టడం కంటే మంచి టీమ్‌లో రెండు సీజన్లు లైట్ పట్టుకోవడం ఎక్కువ నేర్పుతుంది. డేటా కాపీ చేయడం, కస్టమర్‌తో మాట్లాడటం, ఆల్బమ్ వరస పేర్చడం అక్కడే వస్తాయి. రోజుకి ఎంతో కొంత ఇచ్చే టీమ్‌లోనే చేరండి. పూర్తిగా ఉచితంగా నెలల తరబడి పని చేయించుకునేవాళ్లు నేర్పించరు.

వారాంతపు కోర్సుల ప్రకటనల్లో నెలకి లక్షల ఆదాయం అని రాసి ఉంటే, ఆ చెప్పే మనిషి ఆదాయం ఫొటోల నుంచి వస్తోందా, కోర్సు నుంచి వస్తోందా అని అడగండి.

కెమెరా, అప్పు, హక్కులు

మొదటి ఏడాది కెమెరా అద్దెకి తీసుకోండి. హైదరాబాద్, విజయవాడల్లో బాడీ, లెన్సు, లైట్లు అన్నీ రోజు అద్దెకి దొరుకుతాయి. ఆ అద్దె కస్టమర్ బిల్లులోంచే వస్తుంది, ఈఎంఐ మాత్రం మూఢంలో కూడా కట్టాలి. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాల్లో కిశోర్ విభాగంలో 5 లక్షల దాకా దొరుకుతుంది, దాన్ని రెండో ఏడాది, నెలకి ఎంత అద్దె కడుతున్నారో లెక్క తెలిశాక ఆలోచించండి. కొనే రోజు వచ్చినప్పుడు పెళ్లిళ్లకైతే రెండు మెమరీ కార్డ్ స్లాట్లున్న బాడీనే కొనండి. తాళి కట్టిన ఫొటోలున్న కార్డు పాడైతే ఆ కుటుంబానికి మీరు తిరిగి ఇవ్వగలిగింది ఏమీ ఉండదు.

హక్కుల సంగతి చాలామంది ఫొటోగ్రాఫర్లకే తెలియదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరైనా డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అంటే పెళ్లికూతురి ఫొటోని మీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడానికి కూడా రాతపూర్వక అనుమతి ఉండాలి. పత్రికలో ఉద్యోగిగా తీసిన ఫొటోని ప్రచురించే హక్కు యాజమాన్యానిది, మిగతా హక్కులు, ఒప్పందం ఇంకోలా లేకపోతే, మీవి. మీ సొంతంగా తీసుకున్నవి మీవే. అందుకే కొటేషన్ అడుగున రెండు వాక్యాలు తెలుగులోనే రాయించుకోండి: ఫొటోలు ప్రచారానికి వాడుకోవచ్చా లేదా, ఒరిజినల్ ఫైళ్లు ఎన్నాళ్లు మా దగ్గర ఉంటాయి. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, అంతకుముందే ఆదాయం, ఖర్చు విడివిడిగా రాసే అలవాటు చేసుకోండి.

ఉద్యోగం చేస్తూ ఆలోచిస్తున్నవాళ్లకి

ఉద్యోగం మానేసి రావాలా అని అడిగేవాళ్లు ఎక్కువ. మన హైదరాబాద్‌లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ మొదట ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. జీతం వస్తుండగానే కెమెరా పట్టాడు, పోషకులు దొరికి పని పెరిగాకే ఉద్యోగం వదిలాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాక ఘోషాలో ఉండే స్త్రీలు మగ ఫొటోగ్రాఫర్ ముందుకి రాలేరని గమనించి, 1892లో వాళ్లకోసం వేరే స్టూడియో తెరిచి దాన్ని ఒక మహిళ చేతిలో పెట్టాడు. ఎవరికి ఫొటో కావాలో, వాళ్లకి అడ్డమేంటో ఆయన ముందే చూశాడు.

ఐటీలోనో, బ్యాంకులోనో ఉన్నవాళ్లకి పెళ్లిళ్ల దారి సెలవులతో కొంతకాలం నడుస్తుంది, ముహూర్తాలు వారం మధ్యలో కూడా వస్తాయి కాబట్టి టీమ్‌లో రెండో మనిషిగానే ఒప్పుకోండి. ప్రొడక్ట్ పని శని, ఆదివారాల్లో సులువుగా సర్దుకుంటుంది. బంధువులు, ఆఫీసు స్నేహితులు ఇచ్చే ఆర్డర్లను లెక్కలోకి తీసుకోకండి. మీకు ముందు తెలియనివాళ్లు, పాత కస్టమర్ చెప్పగా ఫోన్ చేసి, మీరు చెప్పిన రేటుకి అడ్వాన్స్ పంపడం వరసగా రెండు సీజన్లు జరిగి, ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరోగ్య బీమా ప్రీమియం విడిగా బ్యాంకులో ఉంటే, అప్పుడు రాజీనామా గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడండి.